మోషన్ కంట్రోలర్లు: మా హాల్లో ఇన్నేళ్ల అనుభవం

బెంగళూరు మారతహళ్లిలో మా ఫ్లాట్ హాలు 14 అడుగుల పొడవు, 11 అడుగుల వెడల్పు. టీవీ పక్కనే దేవుడి అల్మారా, ఎదురుగా సోఫా, సోఫా వెనక బాల్కనీ, మూలన నిలువుటద్దం ఉన్న బీరువా. 2008లో మా బావమరిది అమెరికా నుంచి వస్తూ నింటెండో వీ అనే టీవీ గేమ్ యంత్రం తెచ్చాడు. అప్పటి నుంచి ఈ హాల్లోనే చేతి కదలికతో ఆట నడిపే కంట్రోలర్లు నాలుగు వాడాను: వీ రిమోట్, సోనీ ప్లేస్టేషన్ మూవ్, నింటెండో స్విచ్ జాయ్‌కాన్, వీఆర్ హెడ్‌సెట్ క్వెస్ట్ 2. నాలుగూ ఏళ్ల తరబడి ఆడినవే. ఏది మంచిదని ఎవరైనా అడిగితే ముందు నేనొకటి అడుగుతాను: చెయ్యి ఎటు తిరిగిందో తెలిస్తే చాలా, ఎక్కడుందో కూడా తెలియాలా?

వీ రిమోట్‌ను టీవీ వైపు చూపిస్తే తెర మీద చెయ్యి గుర్తు కదులుతుంది. టీవీ దగ్గర పెట్టే సన్నటి పట్టీని సెన్సర్ బార్ అంటారు కానీ అందులో సెన్సర్ లేదు. రెండు చివర్లా కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ లైట్లు ఉంటాయి, అంతే. చూసేది రిమోట్. దాని ముందు భాగంలో ఉన్న చిన్న కెమెరా ఆ రెండు వెలుగు చుక్కల్ని చూసి, తాను ఎటు తిరిగి ఉందో లెక్క కడుతుంది.

ఇది నాకు ఒక సాయంత్రం బాగా అర్థమైంది. హిందూపురం నుంచి వచ్చిన అమ్మ దీపం పెట్టింది. అంతవరకు కుదురుగా ఉన్న చెయ్యి గుర్తు ఉన్నట్టుండి తెరంతా గంతులు వేయసాగింది. బ్యాటరీలు మార్చాను, బార్ తుడిచాను, లాభం లేదు. దీపానికీ రిమోట్‌కూ మధ్య ఒక అట్ట అడ్డం పెట్టగానే సర్దుకుంది. వత్తి మంటలోనూ ఇన్‌ఫ్రారెడ్ ఉంటుంది, రిమోట్‌కు అది మూడో చుక్కలా కనబడింది. "దీపం కాస్త పక్కకు జరపనా అమ్మా?" అన్నాను. "వెలిగే దీపాన్ని కదపకూడదు నాయనా, కొండెక్కినాక ఆడుకుందువులే" అంది. తర్వాత ఒకసారి బార్ వైరు తెగినప్పుడు టీవీ కింద జానెడు దూరంలో రెండు ప్రమిదలు వెలిగించి ఆడుకున్నాం. పాయింటర్ చక్కగా పనిచేసింది. తెర మీద ఒక చోటికి గురిపెట్టడంలో ఈ పద్ధతికి సాటి వచ్చేది నాకు ఇంకా కనబడలేదు.

చెయ్యి ఊపే ఆటల సంగతి వేరు. మొదటి వీ రిమోట్‌లో ఊపును పసిగట్టేది యాక్సిలరోమీటర్ మాత్రమే. అది కుదుపును, భూమి లాగే దిక్కును చెబుతుంది. అమ్మ సోఫాలో కూర్చునే మణికట్టు విదిలించి బౌలింగ్ ఆటలో ఒక్క బంతికే పిన్నులన్నీ పడగొట్టి స్ట్రైక్ కొట్టేది. చెయ్యి ఎంత దూరం కదిలిందో యాక్సిలరోమీటర్‌తోనే లెక్కించవచ్చు కదా అనిపిస్తుంది. వేగంలో వచ్చిన మార్పుల్ని కూడితే వేగం, వేగాన్ని మళ్లీ కూడితే దూరం. కానీ ఇలా రెండుసార్లు కూడేటప్పుడు రవ్వంత తప్పు కూడా చక్రవడ్డీలా పెరిగిపోతుంది. కొన్ని సెకన్లలోనే లెక్క పనికిరాకుండా పోతుంది.

2009లో వీ రిమోట్‌కు తగిలించే మోషన్‌ప్లస్ వచ్చింది. అందులో ఉన్నది జైరోస్కోప్, అంటే తిరిగే వేగాన్ని కొలిచే సెన్సర్. దాన్ని తగిలించిన రోజే టేబుల్ టెన్నిస్‌లో బ్యాట్ నా చేతితోపాటు వాలడం చూసి గంటసేపు ఆపలేకపోయాను. దీనికీ ఒక పరిమితి ఉంది. మేస్త్రీ గుండు దారం వేలాడదీస్తే గోడ ఒరిగిందో లేదో తెలుస్తుంది కానీ, ఆ గోడ తూర్పుకుందో ఉత్తరానికుందో తెలియదు. కంట్రోలర్‌దీ అదే పరిస్థితి. పైకీ కిందికీ వాలితే భూమ్యాకర్షణ తప్పు దిద్దుతుంది. కుడి ఎడమలకు తిరిగినప్పుడు దిద్దేవాళ్లు లేరు. అందుకే ఆడుతూ ఆడుతూ ఉంటే గురి మెల్లగా పక్కకు జరుగుతుంది.

2010లో వచ్చిన మూవ్, చెయ్యి ఎక్కడుందో టీవీ దగ్గర పెట్టే కెమెరాతో కనిపెట్టింది. కంట్రోలర్ తల మీద రంగు వెలుగుతో ఒక బంతి ఉంటుంది. బంతి సైజు ముందే తెలుసు కాబట్టి, కెమెరాకు చిన్నగా కనబడితే దూరంగా ఉన్నట్టు, పెద్దగా కనబడితే దగ్గరున్నట్టు. గదిలో లేని రంగును ఎంచుకుని మరీ వెలుగుతుంది. ఒక అడుగు ముందుకు వేస్తే తెర మీద కత్తి కూడా ముందుకు రావడం నేను మొదట చూసింది దీనితోనే. సాయంత్రం నాలుగింటికి బాల్కనీలోంచి ఎండ పడితే మాత్రం కెమెరాకు బంతి ఆనేది కాదు. మందపాటి కర్టెన్ కుట్టించాక ఆ ఇబ్బంది పోయింది.

కంట్రోలరే అక్కర్లేకుండా, ఒంటి కదలికల్ని కెమెరాతో చూసే మైక్రోసాఫ్ట్ కైనెక్ట్‌ను స్నేహితుడి ఇంట్లో ఆడాను. ఆరడుగులు వెనక్కి నిలబడాలి. మా ఇంట్లో అక్కడ సోఫా ఉంది. నేను కొనలేదు.

క్వెస్ట్ 2లో లెక్క తిరగబడింది. కెమెరాలు తలకు పెట్టుకునే హెడ్‌సెట్‌లో, ఇన్‌ఫ్రారెడ్ లైట్లు కంట్రోలర్ల రింగుల్లో. చేతులు ఎక్కడున్నాయో ఇంత కచ్చితంగా చెప్పేది నా దగ్గర వేరే లేదు. అయితే వీపు వెనక్కి చెయ్యి పెడితే కెమెరాకు కనబడదు, కాసేపు లోపలి సెన్సర్ల అంచనా మీదే నడుస్తుంది. బీరువా అద్దంలో లైట్ల ప్రతిబింబం పడితే తికమక పడుతుంది, అందుకే అద్దం మీద దుప్పటి కప్పి ఆడతాను. చీకట్లోనూ పనిచేయదు, గది కనబడాలి.

ఇన్ని ఉన్నా నేను రోజూ పట్టుకునేది జాయ్‌కానే. అందులో గురికి వాడేవి జైరోస్కోప్ (జైరో), యాక్సిలరోమీటర్. బార్ అక్కర్లేదు, కర్టెన్ అక్కర్లేదు, దీపంతో పేచీ లేదు. విల్లు ఎక్కుపెట్టేటప్పుడు బొటనవేలితో తిప్పే స్టిక్‌తో గురిని దగ్గరికి తెచ్చి, చివరి గురి మణికట్టుతో సరిచేసుకుంటాను. గురి పక్కకు జరిగితే మధ్యకు తెచ్చే బటన్ ఒకసారి నొక్కితే సరి. మా అమ్మాయికి ఇది ఎంత అలవాటైందంటే, "నాన్నా, సెంటర్ చేసుకో" అని నాకంటే ముందే చెబుతుంది. షూటింగ్ ఆటలకు, బాణాలకు నా ఓటు దీనికే. కత్తి తిప్పడానికి, డ్యాన్సుకు, బాక్సింగ్‌కు మాత్రం చేతుల చోటు తెలిసిన క్వెస్ట్ కావాలి.

ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే మా ఎస్పీ రోడ్డులో సెకండ్ హ్యాండ్ కంట్రోలర్ కొంటున్నట్టయితే, ముందు దాన్ని కౌంటర్ మీద అర నిమిషం కదపకుండా ఉంచి కాలిబ్రేట్ చేయించండి, అంటే కదలకుండా ఉండటం ఏమిటో దాని సెన్సర్లకు గుర్తుచేయించండి. తర్వాత జైరో గురి ఉన్న ఆట తెరిచి, మళ్లీ బల్ల మీద పెట్టి చేతులు తీసేయండి. గురి దానంతటదే గబగబా పక్కకు పోతుంటే ఆ ముక్క వద్దని చెప్పి ఇంకోటి అడగండి.