స్కూల్ పిల్లల రగ్బీ సెవెన్స్ టోర్నీకి ఈవెంట్ వాళ్లని పెట్టుకుంటే ఎలా ఉంటుందంటే (విశాఖపట్నం)

ముందే చెప్పేస్తున్నా, అయిదుకి మూడు స్టార్లు. ఆ మూడూ టెంట్లకి, టిఫిన్లకి, గోల్‌పోస్టులకి. మిగతా రెండూ ఎందుకు కోశానో చెప్పడానికే ఇంత పొడుగు రాస్తున్నాను. సంస్థ పేరు మాత్రం రాయను. వైజాగ్‌లో స్కూల్ స్పోర్ట్స్ డేలు, కాలేజీ ఫెస్టులు, ఆఫీసుల క్రికెట్ టోర్నీలు చేసిపెట్టేవాళ్లు నాకు తెలిసినంతలో అందరూ ఇంచుమించు ఇదే ప్యాకేజీ అమ్ముతున్నారు. ఒక్కరి పేరు పెట్టి మిగతావాళ్లని వదిలేయడం న్యాయం కాదు.

మధురవాడ, పెందుర్తి, గాజువాక వైపు స్కూళ్ల పీఈటీలం కొందరం కలిసి అండర్-14 జట్లకి సెవెన్స్ (జట్టుకి ఏడుగురు ఆడే రగ్బీ) టోర్నీ పెట్టాం. ఎనిమిది జట్లు, ఒక్కటే గ్రౌండు, ఒక ఆదివారం పొద్దున్న. రగ్బీ ఎందుకండీ, కబడ్డీ పెట్టుకోవచ్చుగా అని అడిగినవాళ్లున్నారు. 2016 రియో నుంచి సెవెన్స్ ఒలింపిక్స్‌లో ఉంది, స్కూల్ గేమ్స్‌లో ఉంది, 2025లో ముంబైలో జరిగిన రగ్బీ ప్రీమియర్ లీగ్‌లో హైదరాబాద్ హీరోస్ అని ఓ జట్టు కూడా ఆడింది కాబట్టి పిల్లలకి కొత్తేం కాదు. పైగా కబడ్డీ ఆడే పిల్లాడికి టాకిల్ (బంతి ఉన్నవాణ్ని పట్టుకుని పడగొట్టడం) నేర్పడం ఎంత తేలికో నేర్పినవాళ్లకే తెలుస్తుంది.

తేదీ సంక్రాంతి తర్వాతకి పెట్టుకున్నాం, దానికి కారణం వాతావరణం ఒక్కటే కాదు. నవంబరు, డిసెంబరుల్లో ఒక్కో జట్టులో ఇద్దరు ముగ్గురు అయ్యప్ప మాల వేసుకుని ఉంటారు. వాళ్లు చెప్పులే వేసుకోరు, ఇక బూట్లెక్కడ? మెడలో మాల ఉండగా టాకిల్ ఆటలోకి దింపలేం, మాల తీయమని మనం అనలేం. ఈవెంట్ సంస్థ మాత్రం డిసెంబరులో పెట్టుకుంటే డిస్కౌంట్ ఇస్తామంది.

వాళ్ల కొటేషన్ రూ.90,000, జీఎస్టీ 18 శాతం వేరే. అందులో షామియానాలు, కుర్చీలు, మైక్ సెట్, యాంకర్, ఎంట్రన్స్ ఆర్చి, గ్రౌండ్ మార్కింగ్, పోస్టులు, బంతులు, పతకాలు, కప్పులు, టిఫిన్, భోజనం, నీళ్లు, ఫస్ట్ ఎయిడ్, 'టోర్నమెంట్ ప్లానింగ్' అన్నీ ఉన్నాయి. రిఫరీలని మాత్రం రగ్బీ సంఘం వాళ్లని అడిగి మేమే తెచ్చుకున్నాం. చదవడానికి లిస్టు బాగానే ఉంటుంది. అసలు సంగతి లోపలికి దిగాకే తెలుస్తుంది.

టోర్నమెంట్ ప్లానింగ్ అంటే వాళ్ల దృష్టిలో నాకౌట్ డ్రా. ఎనిమిది జట్లు, ఏడు మ్యాచ్‌లు, పదిన్నరకల్లా బహుమతులు. సెవెన్స్ మ్యాచ్ అంటే ఏడేసి నిమిషాలు రెండు సగాలు, అంతే. అంటే తెల్లారకముందే లేచి, ఆటోలో ఇరుక్కుని వచ్చిన నాలుగు జట్లు పద్నాలుగు నిమిషాలు ఆడి ఇంటికెళ్లిపోవాలి. ఆ పిల్లల అమ్మానాన్నలకి మర్నాడు స్కూల్లో ఎవరు సమాధానం చెప్తారు? ఆ కాగితం పక్కన పడేసి డ్రా మేమే వేసుకున్నాం. రెండు పూల్స్ (గ్రూపులు), పూల్‌కి నాలుగు జట్లు, పూల్‌లో ప్రతి జట్టూ మిగతా మూడింటితో ఆడితే మొత్తం పన్నెండు మ్యాచ్‌లు. పైనున్న రెండేసి జట్లకి కప్ సెమీస్, కిందున్న రెండేసి జట్లకి ప్లేట్ సెమీస్, ఆపైన రెండు ఫైనల్స్. అన్నీ కలిపి పద్దెనిమిది.

పిల్లలు కదా, పూల్ మ్యాచ్‌ల్లో సగాన్ని అయిదు నిమిషాలకి కుదించి, ఒక్కో మ్యాచ్‌కి పదిహేను నిమిషాలు కేటాయించాం. సెమీస్, ఫైనల్స్ పూర్తి నిడివి కాబట్టి వాటికి ఇరవై. ఏడింటికి మొదలుపెడితే పన్నెండుకి అయిపోతుంది. దీనికి వాళ్ల మేనేజర్ ఏమన్నాడంటే, "పూల్ మ్యాచ్ పది నిమిషాలే కదా సార్, గంటకి ఆరు వేసేద్దాం." జట్లు లోపలికొచ్చేది ఎప్పుడు, రిఫరీ పిల్లల గోళ్లు, ఉంగరాలు, కడియాలు, బూట్ల మేకులు చూసేది ఎప్పుడు, కింద పడ్డవాణ్ని లేపేది ఎప్పుడు? మొదటి గంటలో అయిదు నిమిషాలు జారితే దాన్ని తర్వాత ఎక్కడా పూడ్చలేం, అది ఫైనల్ దాకా మోసుకుపోవడమే. ఇంకో సంగతి, రెండు పూల్స్‌నీ రెండేసి మ్యాచ్‌ల చొప్పున మార్చి మార్చి వేస్తే ఏ జట్టుకైనా పూల్ మ్యాచ్‌ల మధ్య కనీసం అరగంట విశ్రాంతి దొరుకుతుంది. డబ్బు తీసుకుని ప్లానింగ్ చేసేవాళ్లు ఈపాటి లెక్క వేయకపోతే ఎలా?

మార్కింగ్ విషయం అందరూ తప్పకుండా చదవండి, ఇది రగ్బీ ఒక్కదానికే సంబంధించింది కాదు. ముందురోజు సాయంత్రం గ్రౌండ్‌కి వెళ్తే కుర్రాళ్లిద్దరు సున్నం బస్తాలు విప్పుతున్నారు. రగ్బీలో పిల్లలు ఆ గీత మీదే పడతారు. ట్రై కొట్టాలంటే బంతిని అవతలి జట్టు గోల్ లైన్ మీదో, దాటో నేలకి ఆనించాలి, దానికోసం పిల్లలు గీత మీదికి దూకుతారు, అంటే మొహం సరిగ్గా అక్కడే ఉంటుంది. చెమట పట్టిన ఒంటికి సున్నం తగిలితే మంట, కంట్లో పడితే చూపుకే ముప్పు. ఆపండిరా బాబూ అంటే ఒకడు, "ఏటండి సార్, కబడ్డీకి, ఖోఖోకి ఇదే ఏసేస్తాం కదా, ఎవుడికేటయింది?" అన్నాడు. వాణ్ని అని లాభం లేదు, వాడికి ఇచ్చినవాళ్లు ఇచ్చింది అదే. పూర్ణా మార్కెట్‌కి మనిషిని పంపితే పండక్కి అమ్మగా మిగిలిన ముగ్గుపిండి బస్తాలు దొరికాయి. తడి చేత్తో రుద్ది చూసి, మంట లేదని తేలాకే వేయించాం. అప్పటికి చీకటి పడింది, సగం గ్రౌండు బండి హెడ్‌లైట్ల వెలుగులోనే కొలిచాం. ఇప్పుడైతే ఎవరు అడిగినా ఒకటే చెప్తున్నాను, కొటేషన్‌లో 'మార్కింగ్' అని ఉంటే దేంతో చేస్తారో రాయించుకోండి.

మెచ్చుకోవాల్సింది కూడా ఉంది. పోస్టులు. రగ్బీ పోస్టు మధ్య వెడల్పు 5.6 మీటర్లు, అడ్డకర్ర నేల నుంచి 3 మీటర్ల ఎత్తు. ఫుట్‌బాల్ గోల్ వెడల్పు 7.32, ఎత్తు 2.44. దాని పక్కన రెండు బాదులు కట్టేసి ఇదే రగ్బీ పోస్టు అనడం నేను వేరేచోట చూశాను, కన్వర్షన్ (ట్రై తర్వాత బంతిని పోస్టుల మధ్య నుంచి అడ్డకర్ర పైగా తన్నడం) కొట్టే పిల్లాడికి అది ఎందుకూ పనికిరాదు. వీళ్లు మాత్రం భీమిలి వైపు నుంచి నిటారుగా ఉన్న సరుగుడు బాదులు తెప్పించి, గోతులు లోతుగా తీసి, కొలత టేపుతో కొలిచి పాతారు. చుట్టూ పరుపుల స్పాంజి చుట్టి, పైన రెక్సిన్ తొడుగులు కుట్టించి, తాళ్లతో బిగించారు. ఆ టైలర్ ఎవరో గానీ చక్కగా కుట్టాడు, కింద నేల దాకా తొడుగు వచ్చేలా చూసుకున్నాడు. పోస్టు గోల్ లైన్ మీదే ఉంటుంది కాబట్టి పరుగెత్తుకొచ్చే పిల్లాడు దాన్ని గుద్దుకునే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. నిజంగానే ప్లేట్ సెమీస్‌లో ఒకడు భుజంతో గుద్దుకున్నాడు, నవ్వుకుంటూ లేచాడు. ఒక స్టారు పూర్తిగా ఆ తొడుగులదే.

నేల తడపడం కూడా బాగా చేశారు. మన ఎర్రమట్టి గ్రౌండ్లు జనవరిలో గట్టిగా అయిపోతాయి. ముందురోజు మధ్యాహ్నం ట్యాంకరుతో నీళ్లు కొట్టి, తర్వాత రాళ్లు ఏరించారు. అడగకుండానే చేశారు.

బంతుల్లో ఇబ్బంది వచ్చింది. అండర్-14కి నాలుగో సైజు కావాలని రాసిచ్చినా అయిదో సైజు తెచ్చారు. పన్నెండేళ్ల పిల్లాడి చేతికి అది ఆనదు. గాలి కూడా రాయిలా కొట్టించారు (9.5 నుంచి 10 పీఎస్‌ఐ ఉంటే చాలు). మా స్కూళ్ల బంతులతోనే ఆడించాం.

ఇక పతకాలు. ఇది తలుచుకుంటే ఇప్పటికీ నవ్వాలో ఏడవాలో తెలియదు. మెడల్స్ పెట్టె విప్పితే జట్టుకి ఏడు చొప్పున కట్టలు కట్టి ఉన్నాయి. అదేంటంటే, సెవెన్స్ కదా సార్ అన్నారు. మైదానంలో ఏడుగురే, కానీ జట్టు అంటే పన్నెండుమంది, అయిదుగురు సబ్‌స్టిట్యూట్లు. మేమిచ్చిన జాబితాలో పేర్లు కూడా పన్నెండేసి ఉన్నాయి! గెలిచిన జట్టులో అయిదుగురు పిల్లలు ఖాళీ మెడలతో ఫొటోకి నిలబడతారా? ఒక కుర్రాణ్ని బండి మీద ఊళ్లోకి పరుగెత్తించారు, ఆదివారం షాపులు తెరిచేదాకా అక్కడే కాపు కాసి, రంగు కాస్త తేడా ఉన్న పతకాలు పట్టుకొచ్చాడు. పిల్లలు పట్టించుకోలేదు. నేను పట్టించుకున్నాను.

యాంకర్ మంచివాడే, గొంతు బాగుంది. కానీ ట్రై పడితే "గోల్!" అని అరిచాడు, కన్వర్షన్ పడితే మళ్లీ "గోల్!" అన్నాడు. అయిదు పాయింట్లు, రెండు పాయింట్లు అని అట్ట మీద రాసి చేతికిచ్చాక దారికొచ్చాడు. అసలు బాధ పాటలతో. మ్యాచ్ నడుస్తుండగా స్పీకర్లు దద్దరిల్లిపోతుంటే రిఫరీ విజిల్ ఎవరికి వినబడుతుంది? టాకిల్ ఆటలో విజిల్ వినబడకపోతే ఆగినవాణ్ని ఆగనివాడు గుద్దేస్తాడు. రెండో మ్యాచ్‌కే రిఫరీ ఆట ఆపి మైక్ సెట్ దగ్గరికి నడుచుకుంటూ వెళ్లాడు. ఆ తర్వాత పాటలు మ్యాచ్‌ల మధ్యనే.

రెండు స్టార్లలో ఒకటి ఈ పొరపాట్లన్నిటికీ కలిపి పోయింది. రెండోది ఒక్క ఫస్ట్ ఎయిడ్‌కే. ప్యాకేజీలో 'ఫస్ట్ ఎయిడ్ సపోర్ట్' అంటే ఒక ప్లాస్టిక్ పెట్టె, దాంట్లో బ్యాండేజీలు, నొప్పి స్ప్రే డబ్బాలు, పక్కన టీషర్టు వేసుకున్న ఒక కుర్రాడు. పూల్ మ్యాచ్‌లో ఇద్దరు పిల్లలు తలలు ఢీకొట్టుకున్నారు. ఒకడు లేచి తన జట్టు వైపు కాకుండా అవతలి జట్టు వైపు నడిచాడు. ఈ కుర్రాడు పరుగెత్తుకెళ్లి వాడి నెత్తిన నీళ్లు పోసి, "ఏం కాలేదు, ఆడతావు కదా?" అన్నాడు. పిల్లాడు తలూపాడు, పన్నెండేళ్లవాడు ఆడనంటాడా? యాంకర్ వెంటనే మైకులో, "మన హీరో మళ్లీ వస్తున్నాడు, గట్టిగా చప్పట్లు!"

ఆడియన్సులో ఉన్న ఒక పిల్లాడి అమ్మగారు డాక్టరు. మేము ముందే అడిగి లైన్ పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టాం. ఆవిడ లేచి వెళ్లి పిల్లాణ్ని పట్టుకుని బయటికి తీసుకొచ్చేశారు. తలకి దెబ్బ అనుమానం ఉంటే తీసేయడమే, ఆరోజు మళ్లీ దింపకూడదు, ప్రపంచమంతా రగ్బీలో పిల్లలకి ఉన్న రూలు ఇదే. ఆ పిల్లాడి స్కూల్ పీఈటీ "బాగానే ఉన్నాడు కదా మేడమ్" అని గొణిగారు. "సాయంత్రం వాంతులైతే మీరుంటారా సార్ వాడి పక్కన?" అన్నారావిడ. ఇంకెవరూ మాట్లాడలేదు. మేము విడిగా మాట్లాడుకున్న అంబులెన్సు గేటు దగ్గరే ఉంది, దాంట్లో తీసుకెళ్లి చూపించాం, పెద్దగా ఏం లేదన్నారు. కానీ ఆవిడా, ఆ అంబులెన్సూ ప్యాకేజీలో లేవు. రూ.90,000లో లేనివీ అవే, ఆరోజు అవసరమైనవీ అవే.

తిండి గురించి. పొద్దున్న ఆరింటికి వేడి ఇడ్లీ, అల్లం చట్నీ, ఉప్మా, ఎవరికీ తక్కువ కాలేదు, రెండో స్టారు దానికి. మధ్యలో మజ్జిగ, అరటిపండ్లు అడిగితే ఇచ్చారు. పదింపావుకి మాత్రం బిర్యానీ గిన్నెలు దించి మూతలు తీసేశారు. వాసనకి సెమీస్ ఆడాల్సిన పిల్లలంతా టెంటు వైపే చూపులు! ఆట అయ్యేదాకా మూతలు పెట్టమని వంటమనిషిని బతిమాలాల్సి వచ్చింది. టెంట్లు, కుర్చీలు, నీళ్ల క్యాన్లు, ఆడపిల్లలకి బట్టలు మార్చుకునే పరదా గది, అన్నీ నీట్‌గా ఉన్నాయి. మూడో స్టారు.

కాబట్టి ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఇదే: షామియానా, పోస్టులు, నీళ్లు, టిఫిన్లు వాళ్లకి ఇచ్చేయండి, మనకంటే బాగా చేస్తారు. డ్రా, గడియారం, బంతులు, డాక్టరు మన చేతిలో ఉంచుకోండి. ఆర్చి లాంటివి తీసేయమంటే రేటు కూడా దిగుతుంది, ఆ డబ్బు అంబులెన్సుకి సరిపోతుంది.

బిల్లు దగ్గర గొడవ ఏం కాలేదు. బ్యాలెన్స్ కట్టేటప్పుడు ముగ్గుపిండి, పతకాల తేడా తగ్గించమన్నాం, తగ్గించారు. ఫస్ట్ ఎయిడ్ లైన్ కింద వేసింది కూడా తీసేయమంటే మేనేజర్ కాసేపు నసిగాడు, పెట్టె ఇచ్చాం కదా సార్ అన్నాడు. ఆ పెట్టె వాళ్లకే తిరిగి ఇచ్చేసి, ఆ డబ్బు కూడా కోసేశాం.