పెద్ద క్యాంపస్సా, వీధి చివరి బడా? ఫీజుల లెక్కలో ఏది మేలు?

సంక్రాంతి సెలవులు రాకముందే విజయవాడలో అపార్ట్‌మెంట్ల గేట్ల దగ్గర స్కూళ్ల పీఆర్వోలు కరపత్రాలతో తిరగడం మొదలవుతుంది. అప్పటి నుంచి జూన్ దాకా తెలిసినవాళ్లు నన్ను అడిగే ప్రశ్న ఒక్కటే. "పిల్లాణ్ని ఒకటో తరగతిలో చేర్చాలి. పోరంకి అవతల పెద్ద సీబీఎస్‌ఈ స్కూల్లో వేద్దామా, ఇక్కడే కార్పొరేట్ సంస్థల టెక్నో స్కూలు బ్రాంచిలోనా, లేక మా వీధి చివరి బడి చాలా?" మా చిన్నమ్మాయి కోసం పోయిన వేసవిలో మేమూ ఈ లెక్కలన్నీ వేసుకున్నాం. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. ఎక్కడ చదువు బాగా చెబుతారన్న చర్చ జోలికి వెళ్లను. అది బ్రాంచిని బట్టి, ఆ ఏడాది వచ్చిన టీచరును బట్టి మారిపోతుంది. డబ్బు సంగతి మాత్రం ముందే చూసుకోవచ్చు.

ముందుగా కొన్ని అంకెలు అనుకుందాం. ఇవి ఏ ఒక్క స్కూలు రేట్లూ కావు, లెక్క కోసం పెట్టుకున్నవి. మీ చేతిలో ఉన్న ఫీజు కాగితం ప్రకారం మార్చుకోండి. ఊరవతల క్యాంపస్‌లో ఒకటో తరగతి ఫీజు 80 వేలు, బస్సు 25 వేలు, పుస్తకాలూ యూనిఫాం 12 వేలు, యాన్యువల్ డే డ్రెస్సు, ఫీల్డ్ ట్రిప్పు, పోటీ పరీక్షల ఫీజులు కలిపి 8 వేలు. మొత్తం లక్షా పాతిక వేలు. వీధి చివరి బడిలో ఫీజు 28 వేలు, పుస్తకాలూ బట్టలూ 5 వేలు, చిల్లర ఖర్చులు 2 వేలు, సాయంత్రం ట్యూషన్ నెలకు వెయ్యి చొప్పున పది నెలలకు 10 వేలు. మొత్తం 45 వేలు. ట్యూషన్ ఎందుకు కలిపానని అడగొద్దు. చిన్న బళ్లో వేసినవాళ్లలో చాలామంది ఆ ఖర్చు పెడుతూనే, లెక్క చెప్పేటప్పుడు మాత్రం దాన్ని వదిలేస్తారు.

పుస్తకాల దగ్గర కొంచెం ఆగాలి. జూన్ మొదటి వారంలో స్కూల్లోనే కౌంటరు పెట్టి, ప్లాస్టిక్ కవరు వేసిన సెట్టు చేతికిస్తారు. విప్పితే స్కూలు పేరు అచ్చువేసిన నోట్సులు, వాటికి అట్టలు, లేబుళ్లు, ఓ డైరీ, డ్రాయింగు పుస్తకం, జనరల్ నాలెడ్జి, కంప్యూటరు, విలువల విద్య అంటూ ప్రైవేటు పబ్లిషర్ల పుస్తకాలు ఉంటాయి. విడిగా కావాలంటే ఇవ్వరు. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు మాత్రమే అయితే చిన్న తరగతుల సెట్టు మొత్తం కొన్ని వందల్లో తేలిపోతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి నోట్‌బుక్కుల మీద, పెన్సిళ్ల మీద జీఎస్టీ తీసేశారు. దాన్ని అడిగి తగ్గించుకుందామంటే, కౌంటర్లో ఇచ్చే తెల్ల చీటీ మీద పన్ను గడి ఉంటేగా!

టెక్నో బ్రాంచిల్లో ఫీజు మధ్యరకం. ఇంటికి దగ్గర, బస్సు ఖర్చు తక్కువ లేదా అసలుండదు. బేరం కూడా నడుస్తుంది. అయితే ఆ బేరంలోనే కిటుకుంది. పటమటలో మా బంధువులాయనకు పీఆర్వో కరపత్రం వెనక 85 వేలు అని రాసి, కొట్టేసి, పక్కన 72 అని రాసి సున్నా చుట్టాడు. "మీరు కాబట్టి సార్, వేరేవాళ్లకు చెప్పకండి" అన్నాడట. మరుసటి ఏడాది పది శాతం పెంచారు, అదీ 72 మీద కాదు, 85 మీద. అంటే 93,500. ఆయన చేతి నుంచి వెళ్లే డబ్బు ఒక్క ఏడాదిలో ముప్పై శాతం దాకా పెరిగింది. కన్సెషన్ ఇస్తామంటే అది మొదటి ఏడాదికేనా, పదో తరగతి దాకానా అని రసీదు మీద రాయించుకోండి. రాయడానికి వెనకాడితే జవాబు తెలిసిపోయినట్టే. ఐదో తరగతిలోపు పిల్లలకు ఒలింపియాడ్ బ్యాచ్ పేరుతో అదనంగా కట్టించుకోవడం నాకు ఏ కోశానా నచ్చదు. ఎనిమిదేళ్ల పిల్లకు ఐఐటీ పునాది ఏమిటండీ!

ఫీజులకు ప్రభుత్వం హద్దు పెట్టదా అని అడుగుతారు. పెట్టి చూసింది. 2021 ఆగస్టులో జీవో 53 ఇచ్చి, నగరపాలక సంస్థల పరిధిలో ప్రాథమిక తరగతులకు 12 వేలు, హైస్కూలుకు 18 వేలు మించకూడదంది. అదే డిసెంబరులో హైకోర్టు దాన్ని కొట్టేసింది. కాబట్టి ఏటా పెంపు ఖాయమనుకునే బడ్జెట్ వేసుకోవాలి. పది శాతం చొప్పున పెరిగితే, ఒకటో తరగతిలో 80 వేలున్న ఫీజు ఆరో తరగతికి లక్షా 29 వేలకు చేరువవుతుంది. పదో తరగతికి లక్షా 88 వేలు దాటుతుంది. బస్సు, పుస్తకాలు దీనికి అదనం. మీ జీతం కూడా ఏటా పది శాతం పెరుగుతుందా అన్నది మీరే చూసుకోవాలి. ఒక చిన్న ఉపాయం చెబుతాను. ఒకటో తరగతి తల్లిదండ్రుల్ని కాదు, అదే స్కూల్లో ఏడో తరగతి చదివే పిల్లల తల్లిదండ్రుల్ని పట్టుకుని, మూడేళ్ల ఫీజు రసీదులు చూపించమనండి.

ఇక, నా దృష్టిలో ఈ లెక్కనంతా తేల్చేది ఇంటర్. మనం ఒకటో తరగతి ఫీజు చూసి టెన్షన్ పడతాం గానీ, మన ఊళ్లో అసలు ఖర్చు పదో తరగతి అయ్యాక మొదలవుతుంది. ఇతర జిల్లాల నుంచి పిల్లల్ని తెచ్చి ఇక్కడి జూనియర్ కాలేజీల హాస్టళ్లలో చేర్చడం మనం చూస్తూనే ఉన్నాం. జేఈఈ అన్నా, నీట్ అన్నా రెండేళ్లకు లక్షల్లో మాట. డే స్కాలరైనా తక్కువేం కాదు. నీట్ ఒకసారికి రాకపోతే లాంగ్ టర్మ్ పేరుతో ఇంకో ఏడాది ఉంటుంది. ఆ సమయానికి చేతిలో డబ్బు లేక బంగారం కుదువపెట్టిన ఇళ్లు, చీటీ ముందే పాడుకున్న ఇళ్లు నాకు తెలుసు. వాళ్లలో కొందరు ఎల్‌కేజీ నుంచీ ఏసీ బస్సున్న స్కూలుకే పంపారు. బడి ఖర్చంటే పదేళ్లది కాదు, పన్నెండేళ్లది. అందులోనూ చివరి రెండేళ్లే బరువు.

పై లెక్కలో రెండు బళ్లకూ తేడా ఏడాదికి 80 వేలు. అంటే నెలకు దాదాపు 6,600. పోస్టాఫీసులో నెలనెలా కట్టే ఆర్‌డీ (రికరింగ్ డిపాజిట్) కాలవ్యవధి సరిగ్గా ఐదేళ్లు, ఒకటి నుంచి ఐదో తరగతి దాకా. 6.7 శాతం వడ్డీతో నెలకు 6,600 కడితే చివర్లో 4 లక్షల 71 వేలు చేతికొస్తాయి. ఏటా పెరిగే తేడాను కలపకుండానే ఇంత. ఆరో తరగతిలో మంచి స్కూలుకు మారినా, ఆ మొత్తాన్ని కదపకుండా ఇంటర్ దాకా దాచినా ఇల్లు తట్టుకుంటుంది. కాకపోతే ఫీజు కట్టినంత కచ్చితంగా ఆర్‌డీ కట్టాలి. తేడా డబ్బు మామూలు ఖాతాలో ఉందంటే దసరా షాపింగుకే సరి.

మరి పెద్ద క్యాంపస్ వైపు చెప్పుకోవాల్సింది లేదా? ఉంది. ఆటస్థలం నిజంగా ఉంటుంది, అపార్ట్‌మెంటు మేడ మీద పీటీ పీరియడ్ కాదు. ఇంగ్లిష్ మాట్లాడటం తొందరగా వస్తుంది. సీబీఎస్‌ఈలో నేరుగా పదో తరగతిలో చేరడం మామూలుగా కుదరదు, కాబట్టి ముందే చేరితే ఆ బెంగ ఉండదు. సిలబస్ తేడా మాత్రం ఒకప్పటంత లేదు. 2024-25 నుంచి మన రాష్ట్ర బోర్డు పదో తరగతిలోనూ లెక్కలు, సైన్సుకు ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలే. ఇల్లు కానూరు, తాడిగడప వైపు ఉండి, ఆ క్యాంపస్ పది నిమిషాల దూరంలో ఉంటే నా లెక్క కొంత మారుతుంది. బస్సు ఖర్చు పోతుంది. భవానీపురం నుంచి ఆరేళ్ల పిల్లను ఏడింటికల్లా బస్సెక్కించి, బెంజ్ సర్కిల్ దాటించి పంపాలంటే మాత్రం, డబ్బున్నా నేను వద్దనే అంటాను.

మిగతావి క్లుప్తంగా. కేంద్రీయ విద్యాలయంలో సీటొస్తే ఇంకేం ఆలోచించకండి. కానీ బదిలీలుండే కేంద్ర ఉద్యోగుల పిల్లలకే ముందు వరుస. విద్యాహక్కు చట్టం కింద ప్రైవేటు బళ్లలో 25 శాతం సీట్లు పేద పిల్లలకు ఉన్నాయి, అర్హత ఉంటే ఒకటో తరగతికే దరఖాస్తు పెట్టాలి. ఇంటర్నేషనల్ స్కూళ్లు మన బడ్జెట్ కాదు. రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం డబ్బు, 15 వేలలో స్కూలు నిర్వహణకు 2 వేలు పోగా 13 వేలు, ప్రైవేటు బళ్లోని పిల్లలకూ వస్తుంది. అయితే కారున్నా, ఆదాయపన్ను కడుతున్నా రాదు. పన్ను మినహాయింపు కూడా పాత విధానంలో ఉన్నవాళ్లకే. ఇద్దరు పిల్లల వరకు, అదీ బడికి కట్టే ట్యూషన్ ఫీజుకే, లక్షన్నర పరిమితిలో. బస్సుకూ డొనేషన్‌కూ వర్తించదు.

మేం మా చిన్నమ్మాయిని సత్యనారాయణపురంలో మా ఇంటికి రెండు వీధుల అవతలున్న బళ్లోనే వేశాం. ఆరో తరగతికి మారుస్తాం. అలా మార్చాలనుకునేవాళ్లు ఐదో తరగతి డిసెంబరులోనే కొత్త స్కూల్లో సీటు, ప్రవేశ పరీక్ష సంగతి కనుక్కోండి. పాత బళ్లో మార్చికల్లా బాకీ లేకుండా కట్టేసి రసీదులన్నీ జాగ్రత్త పెట్టుకోండి. బాకీ ఉంటే టీసీ కోసం జూన్‌లో తిప్పుతారు. కొత్త చోట అడ్మిషన్ ఫీజు మళ్లీ కట్టాల్సిందే. దాన్ని కూడా ఆర్‌డీ లెక్కలోంచే తీసుకోండి.