మోకాలి ఎత్తు నేల: పాత ఫ్యామిలీ వ్యాన్‌తో కొన్నేళ్లు

పాత వ్యాన్ కొనాలనుకునేవాళ్లు మొదట అడిగేవి మూడు: ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, మైలేజీ ఎంత ఇస్తుంది, ఎంతమంది పడతారు. సైకిళ్లూ కుక్కలూ ఉన్న ఇంట్లో వీటన్నిటికంటే ముందు అడగాల్సిన ప్రశ్న మరొకటి ఉంది. బండి నేల ఎంత ఎత్తులో ఉంది? కొన్నేళ్లుగా మా నలుగురినీ, రెండు సైకిళ్లనూ, రెండు కుక్కలనూ మోస్తున్న మా సెకండ్ హ్యాండ్ వ్యాన్ గురించి నేను రాయదలచుకున్నది ముఖ్యంగా ఆ నేల గురించే. ఇంజను, గేర్లు, లీటర్ల లెక్కలు ఎక్కడైనా దొరుకుతాయి.

కంపెనీ పేరు రాయడం లేదు. ఇంత పాతబడిన బండి మంచిచెడ్డలు తయారుచేసినవాళ్ల చేతిలో కంటే ముందు వాడినవాళ్ల చేతిలోనే ఎక్కువగా ఉంటాయి. నా బండిలో కనిపించిన లోపాన్ని అదే మోడల్ బండ్లన్నిటికీ అంటగట్టడం న్యాయం కాదు. రకం చెబితే చాలు: ముందు చక్రాలతో నడిచేది, రెండు పక్కలా జరిగే తలుపులున్నది, వెనుక సీట్లు నేలలోని గుంతల్లోకి మడిచిపెట్టుకునే మినీవ్యాన్.

ఈ రకం బండికి నేల కిందుగా ఉండటానికి కారణం దాని పొట్టలోనే ఉంది. ఇంజనూ గేర్‌బాక్సూ రెండూ ముందే అడ్డంగా ఉంటాయి, నడిపించేదీ ముందు చక్రాలనే. వెనుక చక్రాలకు శక్తిని తీసుకెళ్లే పొడవాటి షాఫ్టు బండి కింద ఉండదు కాబట్టి నేలను అంత మేరకు దించవచ్చు, సీట్లు దాచుకునే గుంతలకూ చోటు దొరుకుతుంది. 1994లో జపాన్‌లో వచ్చిన మొదటి హోండా ఒడిస్సీలోనే మూడో వరుస సీటు నేలలోకి మడిచేది. క్రైస్లర్ 2005 మోడళ్ల నుంచి రెండో వరుసను కూడా నేలలోకి మడిచే ఏర్పాటు చేసింది. కానీ ఏ మినీవ్యాన్ అయినా ఇలాగే ఉంటుందనుకోకూడదు. అదే క్రైస్లర్ వారి పసిఫికా ప్లగిన్ హైబ్రిడ్‌లో (పెట్రోలుతో పాటు కరెంటుతో చార్జి చేసుకునే బ్యాటరీతోనూ నడిచేది) రెండో వరుస గుంతలున్న చోట బ్యాటరీ కూర్చుంటుంది. ఆ సీట్లు నేలలోకి మడవవు, మోసి బయట పెట్టాలి. 2021 నుంచి వచ్చిన టయోటా సియెన్నాలో రెండో వరుసను ముందుకు జరపడమే తప్ప తీయడానికి వీల్లేదు, సీట్లలోనే ఎయిర్‌బ్యాగులు ఉన్నాయి. సైకిళ్ల కోసం కొనేవాళ్లు ప్రకటనలోని ఫోటోలు చూసే ముందు ఈ సంగతి తేల్చుకోవాలి.

నిజానికి మేము వ్యాన్ కొన్నది సైకిళ్ల కోసమే. కుక్కలు ఎలాగో సర్దుకుంటాయని అనుకున్నాం. అసలు ఉపకారం వాటికే జరిగింది.

మోతీ మా పెద్ద కుక్క, వయసు పైబడింది, వెనుక కాళ్ల కీళ్లు బిగుసుకుపోయాయి. అంతకుముందున్న ఎత్తైన బండిలోకి వాణ్ని ఎక్కించాలంటే ఒకరు ముందు కాళ్లు పట్టుకోవాలి, ఇంకొకరు నడుము కింద చేయి వేసి లేపాలి. ఆ పట్టు వాడికి నొప్పి. నోరు తెరిచి అరవడు కానీ చెవులు వెనక్కి వాల్చి మొహం పక్కకు తిప్పుకునేవాడు. మడిచే ర్యాంపు కొన్నాం. దాని మీద రెండడుగులు వేసి, పలక కాస్త ఊగగానే దూకేసేవాడు, ఆ దూకడం మరీ ప్రమాదం. చివరికి వాణ్ని ఇంట్లో వదిలి వెళ్లడం మొదలైంది. గేటు దగ్గర నిలబడి చూసేవాడు.

వ్యాన్ వచ్చాక ఒక ఉదయం సైకిళ్లు సర్దడానికి పక్క తలుపు తెరిచి ఉంచాను. మోతీ వచ్చి గడప మీద ముక్కు ఆనించి వాసన చూశాడు. ముందు కాళ్లు రెండూ ఒకదాని తర్వాత ఒకటి ప్లాస్టిక్ గడప మీద పెట్టాడు, గోళ్లు టకటకమన్నాయి. అలాగే ఆగాడు. మేమెవరం కదల్లేదు. కుడి వెనుక కాలు ఒకసారి లేపి దించి, మళ్లీ లేపి, లోపలికి వచ్చేశాడు. చుట్టూ ఒకసారి తిరిగి, డ్రైవరు సీటు వెనుక కూర్చున్నాడు. మా పాప మాత్రం గట్టిగా, "అమ్మా, మోతీ తనే ఎక్కేశాడు!" అంది. ఆ తర్వాత వాణ్ని ఎవరూ ఎత్తాల్సిన అవసరం రాలేదు.

పక్క తలుపు దగ్గర మా బండి నేల నా మోకాలికి కాస్త దిగువన ఉంటుంది, వెనుక తలుపు దగ్గర కాస్త పైన. ఈ తేడా చిన్నదిగా కనిపించినా ముసలి కుక్కకు చాలా పెద్దది. అందుకే మోతీ ఎప్పుడూ పక్క నుంచే ఎక్కుతాడు. ఎక్కడంతో పాటు దిగడాన్నీ చూసుకోవాలి. కుక్క కిందికి దూకినప్పుడు బరువంతా ముందు కాళ్ల మీదా భుజాల మీదా పడుతుంది. ఎత్తు తగ్గే కొద్దీ ఆ దెబ్బ తగ్గుతుంది. బండి చూడటానికి వెళ్లేటప్పుడు కుక్కను కూడా తీసుకెళ్లండి, అమ్మేవాళ్లు ఒప్పుకుంటే. మనం కొలిచే సెంటీమీటర్ల కంటే అది ఆగే తీరే ఎక్కువ చెబుతుంది.

సైకిళ్ల విషయంలోనూ ఈ నేలదే ఘనత. నేల కిందికి దిగితే లోపల ఎత్తు పెరుగుతుంది. మూడో వరుస మడిచేసి, ముందు చక్రం తీసి, సీటు దించితే సైకిల్ నిలువుగా నిలబడుతుంది. ఒక చెక్కపలకకు ముందు ఫోర్కును పట్టుకునే క్లాంపులు రెండు బిగించి, ఆ పలకను సరుకు కట్టే కొక్కేలకు పట్టీతో బంధించాం. రెండు క్లాంపులూ ఒకే వరుసలో పెట్టకుండా ఒకటి ముందుకు, ఒకటి వెనక్కి జరిపితే హ్యాండిళ్లు ఒకదానికొకటి తగలవు. క్లాంపు కొనే ముందు ఇరుసు చూసుకోవాలి: పాత సైకిళ్లకు 9 మిల్లీమీటర్ల క్విక్ రిలీజ్ (చిన్న లీవరుతో వదులయ్యే సన్నని ఇరుసు), కొత్తవాటికి ఎక్కువగా 12 లేదా 15 మిల్లీమీటర్ల థ్రూ యాక్సిల్ (ఫోర్కులోంచి దూర్చి బిగించే లావు ఇరుసు). హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులున్న సైకిల్‌కు చక్రం తీసిన వెంటనే బ్రేకు ప్యాడ్ల మధ్య చిన్న ప్లాస్టిక్ ముక్క పెట్టాలి. లేకపోతే దారిలో ఏ కుక్కో బ్రేకు లీవరును నొక్కిందంటే ప్యాడ్లు దగ్గరకు వచ్చేస్తాయి, దిగాక చక్రం దూరదు.

కొలత తీసేటప్పుడు లోపలి ఎత్తుతో తృప్తి పడకండి. వెనుక తలుపు పైన అంచు లోపలి కప్పు కంటే కిందికి ఉంటుంది. లోపల నిలబడే సైకిల్ ఆ అంచు దగ్గర పట్టకపోవచ్చు, వంచి దూర్చాల్సి వస్తుంది. మాకు ఒక సైకిల్ అలాగే వెళుతుంది.

వెనుక ర్యాకు పెట్టుకుంటే పోలేదా అని చాలామంది అంటారు. కుక్కలు లేని ఇంటికి అది చక్కటి ఏర్పాటే. కుక్క పంజరం వెనుక భాగంలో ఉన్నప్పుడు మాత్రం ర్యాకు మీద సైకిళ్లు ఎక్కించారంటే చాలా ర్యాకులతో వెనుక తలుపు తెరుచుకోదు. దారిలో కుక్కకు నీళ్లు పెట్టాలన్నా, ఏదైనా జరిగి దాన్ని వెంటనే బయటికి తీయాలన్నా ముందు సైకిళ్లు దించాలి. వంచడానికి వీలున్న ర్యాకులు ఉన్నాయి, కొంత నయం. పైకప్పు మీద పెట్టేవాళ్లు గాలి ఒత్తిడికి పెరిగే ఇంధన ఖర్చునూ, తక్కువ ఎత్తు పార్కింగ్ కమ్మీలనూ లెక్కలో వేసుకోవాలి.

నేల చదును అని అందరికీ చెబుతూ వచ్చాను. ఇన్నాళ్ల వాడకం తర్వాత ఆ మాటకు కొంత సవరణ కావాలి. సీట్లు మడిచిన చోట వెనుక నుంచి ముందుకు కొంచెం వాలు ఉంటుంది, మధ్యలో కీలు దగ్గర ఒక చీలిక. సీటు వీపు వైపు గట్టి ప్లాస్టిక్కు, కుక్కల పాదాలు జారతాయి. మలుపు తిరిగినప్పుడల్లా మా రెండో కుక్క చుక్క కాళ్లు నాలుగూ పరిచి నిలబడేది. కింద రబ్బరు షీటు పరిచాక కుదుటపడింది, కానీ ఆ షీటు తీస్తే గానీ సీట్లు పైకి రావు. మడిచే సీట్ల మెత్త పలుచన కూడా. దూర ప్రయాణంలో మా అత్తగారు ఆ వరుసలో కూర్చోరు. ఇక నేల కిందుగా ఉందంటే బండి కడుపూ రోడ్డుకు దగ్గరగా ఉన్నట్టే. అడవి బాటలో సైకిల్ తొక్కడానికి వెళ్లి, బాట మొదట్లోనే బండి ఆపి నడవాల్సి వచ్చిన సందర్భాలు ఉన్నాయి.

పాతది కొనేవాళ్లు బండిలో అన్నిటికంటే ముందు చూడాల్సింది సీట్లు మడిచే ఆ గుంతలనే. మేము చూసి వదిలేసిన ఒక వ్యాన్ పైకి నిగనిగలాడుతోంది, లోపల సెంటు వాసన గుప్పుమంది. మాతో వచ్చిన మెకానిక్కు దాంతోనే అనుమానం వచ్చింది. "సువాసన ఇంత వస్తోందంటే ముందు తివాచీ ఎత్తి చూడండమ్మా," అన్నారు. గుంత మూత తీస్తే అడుగున బోల్టుల చుట్టూ ఎర్రటి తుప్పు వలయాలు, గోడ మీద బెత్తెడు ఎత్తున నీటి చార, తివాచీ అడుగున నొక్కితే తడి. వెనుక దీపాల రబ్బరు నుంచో, పైకప్పు పట్టీల నుంచో, ఏసీ నీటి గొట్టం నుంచో కారిన నీరు చివరికి చేరేది అక్కడికే. ఆ వాసనను తడిసిన కుక్క మీదికి నెట్టేయడం సులభం. అందుకే కుక్కలున్న ఇంటి నుంచి వచ్చిన వ్యాన్ అయితే వేలు పెట్టి తడిమి మరీ చూడాలి.

జరిగే తలుపు మాకు ఒకసారి మొండికేసింది. సగం తెరుచుకుని, మోటారు మూలిగి, వెనక్కి వెళ్లిపోయేది. కింది గాడిలో ఇసుకా కుక్క బొచ్చూ కలిసి ఉండకట్టి చక్రాన్ని పట్టేశాయి. శుభ్రం చేశాక నడిచింది, చక్రం మాత్రం అరిగిపోయి మార్చాల్సి వచ్చింది. కొనే ముందు రెండు తలుపులనూ బండి వాలులో నిలిపి తెరిచి మూసి చూడండి, ఒకసారి మోటారుతో, ఒకసారి చేత్తో.

వెనుక ఏసీ పనిచేయని వ్యాన్ కుక్కలకు పనికిరాదు, ఎంత చౌకగా వచ్చినా. ముందు సీట్ల చల్లదనం వెనుక పంజరం దాకా చేరదు. ఆగి ఉన్న బండి సంగతి ఇంకా తీవ్రం: బయట 24 డిగ్రీలే ఉన్నా అరగంటలో లోపల 43 డిగ్రీల దాకా వెళుతుంది, అద్దం కాస్త దించినా పెద్ద తేడా ఉండదు. మాలో ఒకరు ఎప్పుడూ కుక్కల దగ్గరే ఉంటారు.

బరువు లెక్క కూడా వేసుకోండి. డ్రైవరు తలుపు చట్రం మీద అంటించిన చీటీలో మనుషులూ సామానూ కలిపి ఎంత మోయగలదో సాధారణంగా రాసి ఉంటుంది. చోటుంది కదా అని నింపితే ఆ అంకె దాటడం కష్టమేమీ కాదు, బ్యాటరీ సైకిళ్లు ఒక్కొక్కటి 20 నుంచి 25 కిలోలు ఉంటాయి మరి. టైర్ల పక్కగోడ మీద నాలుగంకెల తేదీ ఉంటుంది. 2319 అంటే 2019లో 23వ వారం. లోతుగా గాడి ఉందని పాత టైరును నమ్మకండి.

మా ఇంట్లో నలుగురం, రెండు మామూలు సైకిళ్లు, ఒక ముసలి కుక్క, ఒక చురుకైన కుక్క. ఈ లెక్కకు ఈ వ్యాన్ సరిపోయింది, నేను దీన్ని మనసారా ప్రేమిస్తున్నాను. కుక్కలు రెండూ కుర్రవయసులో ఉండి, వారాంతం వారాంతం మట్టిబాటల్లో తిరిగేవాళ్లయితే నేల ఎత్తుగా ఉన్న బండే మేలనవచ్చు, వాళ్లతో వాదించను. మూడో సైకిల్ చేరితే మాకూ ఇబ్బందే. మా బండిలో మూడో వరుస ఒకే ముక్క, మడిస్తే మొత్తం మడవాలి. అత్తగారు వచ్చినప్పుడు సైకిళ్లు ఇంట్లో ఉండిపోతున్నాయి. రెండు ముక్కలుగా విడివిడిగా మడిచే మూడో వరుస ఉన్నది దొరికితే, అదే ఎత్తు నేలతో, గుంతలు పొడిగా ఉంటే, మార్చుకోవడానికి సిద్ధంగా ఉన్నాం.