మొదటిది సిజేరియన్ అయితే రెండో కాన్పుకి ఏది మేలు?

మా చెల్లెలికి మొదటి కాన్పప్పుడు బిడ్డ ఎదురుకాళ్లతో ఉందని ఆపరేషన్ చేశారు. ఇప్పుడు మళ్లీ ఏడో నెల. మొన్న ఫోన్ చేసి, "అక్కా, ఈసారి నొప్పుల దాకా ఆగనా, డేట్ తీసుకుని ఆపరేషన్ చేయించుకోనా?" అంది. నేను ముందు అడిగింది ఒకటే, పాత డిశ్చార్జి కాగితం ఎక్కడుందని. బీరువాలో, చీరల షాపు కవర్లో, స్కానింగ్ రిపోర్టుల మధ్య నలిగిపోయి దొరికింది.

అందులో 'ఎల్‌ఎస్‌సీఎస్' అని రాసుంది. గర్భసంచి కింది భాగంలో కోశారని దానర్థం. సాధారణంగా అది అడ్డకోతే. పొట్ట మీది మచ్చ చూసి ఈ సంగతి తేల్చలేం. పైన అడ్డంగా కనిపించినా లోపల నిలువుగా కోసి ఉండొచ్చు. ఆ నిలువు కోత గర్భసంచి పైభాగం దాకా పోయి ఉంటే ఇక నొప్పులకు ఆగే ప్రసక్తే లేదు. మాయ దారికి అడ్డంగా ఉన్నా, బిడ్డ అడ్డం తిరిగినా అంతే, ఆపరేషనే.

ఇవేవీ లేక, అడ్డకోత ఒక్కటే ఉంటే, నార్మల్‌కి ప్రయత్నించిన నలుగురిలో దాదాపు ముగ్గురికి నార్మలే అవుతుంది. మా చెల్లెలికి ఇంకో అనుకూలం కూడా ఉంది. బిడ్డ ఎదురుకాళ్లతో ఉండటం ప్రతిసారీ జరిగేది కాదు. భయమల్లా పాత కుట్టు విడిపోతుందేమోనని. నొప్పులు వాటంతటవే వస్తే సుమారు 200 మందిలో ఒకరికి అలా జరుగుతుంది. నొప్పులు తెప్పించడానికి మందులు పెడితే ఆ ముప్పు రెండు మూడింతలవుతుంది. విడిపోతే మాత్రం చేతిలో ఉండేవి నిమిషాలే. బిడ్డ గుండె చప్పుడు పడిపోవడమే చాలాసార్లు మొదటి గుర్తు. అందుకే అది కనిపెట్టి చూసే మనిషి, మత్తు డాక్టరు, రక్తం అర్ధరాత్రి రెండింటికైనా అక్కడే ఉండాలి.

ముందే డేట్ పెట్టుకున్న ఆపరేషన్‌లో ఈ గండం దాదాపు లేదు. 39 వారాలు నిండాక చేయించుకోవాలి. ఏ ఇబ్బందీ లేకపోయినా ముహూర్తం కోసం 37లోనే తీయించేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది, ఆయాసంతో అద్దాల పెట్టెలోకి పోయేది పసిగుడ్డు కదా! అసలు చిక్కు ఆ తర్వాతి కాన్పుకి వస్తుంది. మాయ కిందికి వచ్చి పాత కుట్టు మీద కూర్చుంటే గర్భసంచి గోడలోకి పాతుకుపోవచ్చు. మాయ అలా పాత కుట్టు మీదికి వచ్చినవాళ్లలో రెండో సిజేరియన్ నాటికి నూటికి 11 మందికి, మూడోదాని నాటికి 40 మందికి అలా జరుగుతుంది. విపరీతంగా రక్తం పోతుంది, ఒక్కోసారి గర్భసంచే తీసేయాల్సి వస్తుంది. మూడో బిడ్డ కావాలనుకునేవాళ్లు ఇది లెక్కలోకి తీసుకోవాలి.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60కి పైగా కాన్పులు సిజేరియన్లే. అంటే ఈ ప్రశ్న మా ఇంటి ఒక్కదానిదే కాదు.

నా ఓటు మాత్రం, హాస్పిటల్ సరైనదైతే, నార్మల్‌కే. కాకపోతే ప్రయత్నం మధ్యలో బెడిసి అప్పటికప్పుడు కోయాల్సి వస్తే, ముందే పెట్టుకున్న ఆపరేషన్ కంటే అదే ఎక్కువ కష్టం. రక్తం ఎక్కువ పోతుంది, చీము పట్టే భయమూ ఎక్కువే. చెల్లెలికి ఇదీ చెప్పాను.

"మీ హాస్పిటల్‌లో రాత్రిపూట మత్తు డాక్టర్ ఉంటారేమో కనుక్కో" అన్నాను. కనుక్కుంది. "ఫోన్ చేస్తే అరగంటలో వచ్చేస్తారమ్మా" అన్నారట. ఆ కాగితం పట్టుకుని సోమవారం జిల్లా కేంద్రంలో పెద్దాసుపత్రికి వెళ్తున్నాం.