మూడు గంటల మౌనమా, ముప్పై రోజుల మౌనమా: ప్రేమ కోచ్‌ల సలహాల్లో ఏది మేలు?

నా స్నేహితుడొకడికి ఒక సాయంత్రం ఐదుంపావుకి మెసేజ్ వచ్చింది. "ఆరింటికి ఖాళీగా ఉన్నాను, కలుద్దామా?" పంపింది వాడు రెండు నెలలుగా ఇష్టపడుతున్న అమ్మాయి. మావాడి ముఖం వెలిగింది, మరుక్షణమే ఆరిపోయింది. వాడు ఫాలో అయ్యే డేటింగ్ కోచ్ సూత్రం ఒకటుంది: అవతలివాళ్లు జవాబివ్వడానికి ఎంతసేపు తీసుకున్నారో, మనం దానికి రెట్టింపు సేపు ఆగాలి. ఆమె అంతకుముందు మెసేజ్‌కి గంటన్నర తీసుకుంది. అంటే ఎనిమిదుంపావు దాకా ఫోన్ ముట్టకూడదు. నిజంగానే ముట్టలేదు. సరిగ్గా ఎనిమిదుంపావుకి "ఓకే, బయల్దేరుతున్నా" అని పెట్టాడు. అటునుంచి బొటనవేలు బొమ్మ ఒక్కటే వచ్చింది. ఆ బొమ్మకి అర్థమేమిటో తెలుసుకోడానికి అదే కోచ్ ఇంకో వీడియో చూశాడు.

వాడి పుణ్యమా అని నేనూ ఈ వీడియోల్లో పడ్డాను. మొదట నవ్వుకోడానికే చూశాను. పాతిక ముప్పై అయ్యాక ఒక సంగతి అర్థమైంది. కోచ్‌లు మారుతున్నారు, వెనకాల లైటింగ్ మారుతోంది, సలహాలు మాత్రం ఆ నాలుగైదే తిరిగి తిరిగి వస్తున్నాయి. సరే, వాటిలోనే ఏది మేలో తూచి చూద్దామనుకున్నాను. తూకానికి మూడు రాళ్లు పెట్టుకున్నాను. సలహా పాటిస్తే ఎంత కాలం పాడవుతుంది? పాటించాలంటే అవతలి మనిషిని ఎంత చులకనగా చూడాలి? పని చేయకపోతే, చేయలేదని మనకి తెలిసే దారి ఉందా? మూడో రాయి చూడ్డానికి చిన్నదే గానీ, తక్కెడ తిప్పేది అదే.

మొదట మావాడి సూత్రమే చూద్దాం. వెంటనే రిప్లై ఇస్తే లోకువైపోతామట, ఆలస్యంగా ఇస్తే విలువ పెరుగుతుందట. ఈ లెక్కన అందరికంటే విలువైన మనిషి ఇంటికి ఎప్పటికీ రాని ప్లంబర్. అది అలా ఉంచితే, రెండు వైపులా ఇదే కోచ్‌ని ఫాలో అయితే ఏమవుతుందో కాగితం మీద వేసి చూశాను. మొదటి జవాబు 5 నిమిషాలకి వచ్చిందనుకోండి. రెండోది 10 నిమిషాలకి, మూడోది 20 నిమిషాలకి. పదో జవాబుకి దాదాపు 43 గంటలు ఆగాలి. పదిహేనోదానికి 57 రోజులు. ఇరవయ్యోదానికి ఇంచుమించు ఐదేళ్లు. "తిన్నావా?" అన్న ప్రశ్నకి ఐదేళ్లకి జవాబొచ్చే ప్రేమలో కనీసం తొందరపాటు మాత్రం ఉండదు.

అందని మనిషి మీదే మోజు పుడుతుందన్న నమ్మకం కోచ్‌లకంటే చాలా పాతది. దాన్ని నిరూపిద్దామని ఎలైన్ వాల్‌స్టర్ అనే మనస్తత్వవేత్త, ఆమె సహచరులు అమెరికాలో వరసగా ప్రయోగాలు చేశారు. 1973లో వాళ్లు ప్రచురించిన పత్రం చదివితే ముచ్చటేస్తుంది. ఐదు ప్రయోగాలు చేశాం, ఐదూ బోల్తా కొట్టాయి అని వాళ్లే రాసుకున్నారు. ఆరోదానికి గానీ సంగతి బయటపడలేదు. మగవాళ్లకి ఎక్కువగా నచ్చింది అందరికీ అందని అమ్మాయి కాదు, అందరికీ అందే అమ్మాయీ కాదు. మిగతావాళ్ల విషయంలో ఆచితూచి ఉంటూ, తమ పట్ల మాత్రం ఇష్టం చూపించిన అమ్మాయి. అంటే "నీ మెసేజ్ కోసమే చూస్తున్నా" అనే మనిషి. మావాడి కోచ్ చెప్పేదానికి ఇది పూర్తిగా తలకిందులు.

కోచ్‌లకి అనుకూలమైన సాక్ష్యమూ ఒకటుంది, దాచడం న్యాయం కాదు. 2011లో వర్జీనియా, హార్వర్డ్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు కాలేజీ అమ్మాయిలకి కొందరు అబ్బాయిల ప్రొఫైళ్లు చూపించారు. కొంతమందికి వీళ్లకి నువ్వు బాగా నచ్చావని చెప్పారు, ఇంకొంతమందికి నచ్చావో లేదో తెలియదన్నారు. తెలియదన్నప్పుడే ఆకర్షణ ఎక్కువగా కనిపించింది. వెంటనే చంకలు గుద్దుకోకండి. 2018లో ఇజ్రాయెల్, అమెరికా పరిశోధకులు కలిసి చేసిన ప్రయోగాల్లో దీనికి ఎదురు ఫలితం వచ్చింది: అవతలివాళ్లకి మనమంటే ఇష్టమని తెలిసినప్పుడే ఆకర్షణ పెరిగింది. వీడియోలో మాత్రం మొదటిదాన్ని 'సైన్స్' అంటారు, రెండోదాన్ని అసలు అనరు. పైగా ఆ మొదటి ప్రయోగంలో ఎవరూ ఎవరినీ ఆరింటికి రమ్మని పిలిచి ఎనిమిది దాకా కూర్చోబెట్టలేదు.

ఒక రోజు ప్రేమ కురిపించు, మర్నాడు మాయమైపో అనే కోచ్‌లు ఇంకొందరు. ఈ కిటుకు పని చేయదని నేననను. బి.ఎఫ్. స్కిన్నర్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త ప్రయోగశాలలో పావురాల మీద భేషుగ్గా పని చేసింది. పొడిచిన ప్రతిసారీ గింజ దొరికే పావురం, గింజలు ఆగిపోయాక కొంతసేపటికి పొడవడం మానేస్తుంది. ఎప్పుడు పడుతుందో తెలియని పావురం మానదు, పొడుస్తూనే ఉంటుంది. జూదం మెషీన్ ముందు మనిషిని కూర్చోబెట్టేది కూడా ఇదే. కాబట్టి సలహా ఫలించవచ్చు. మీకు కావలసింది మిమ్మల్ని పొడిచే పావురమైతే.

ఇక ఆల్ఫా గురువులు, అంటే మగాడు మంద నాయకుడిలా ఉండాలని చెప్పేవాళ్లు. వీళ్లంటే నాకు ప్రత్యేకమైన అభిమానం, ఎందుకంటే వీళ్లు ఒక్కసారి కూడా నవ్వకుండా నన్ను ఎక్కువగా నవ్వించారు. ఆల్ఫా మగాడు సారీ చెప్పడు, కారణాలు చెప్పడు, నవ్వితే పళ్లు కనిపించనివ్వడు. తోడేళ్ల మందలో నాయకుడు అలాగే ఉంటాడు కదా అంటారు.

ఉండడు. ఈ ఊహకి మూలమైన, రుడాల్ఫ్ షెంకెల్ అనే జంతు శాస్త్రవేత్త 1947లో వర్ణించిన తోడేళ్లు బోనులో ఉన్నవి, ఒకదానికొకటి సంబంధం లేకుండా ఒకచోట చేర్చినవి. పరిచయం లేనివాళ్లని ఒకే గదిలో పెట్టి తాళం వేస్తే మనుషులైనా కొట్టుకుంటారు. డేవిడ్ మీచ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1970లో తోడేళ్ల మీద రాసిన పుస్తకం వల్ల ఈ ఆల్ఫా మాట లోకమంతా పాకింది. తర్వాత ఆయనే 1986 నుంచి కెనడా ఉత్తరాన ఎల్స్‌మీర్ దీవిలో వేసవి వేసవికీ వెళ్లి, అడవి తోడేళ్లని దగ్గర్నుంచి చూశాడు. చూస్తే అక్కడ కనిపించింది మందా కాదు, సింహాసనమూ కాదు. ఒక తల్లి, ఒక తండ్రి, వాళ్ల పిల్లలు. అంటే ఆల్ఫా అంటే పిల్లలకి తిండి తెచ్చిపెట్టే నాన్న. ఆ సంగతి 1999లో పత్రం రాసి మరీ చెప్పాడు. తన పాత పుస్తకం ముద్రించడం ఆపమని ప్రచురణకర్తల్ని తనే బతిమాలాడు.

తను రాసింది తప్పని తెలిసి, తన పుస్తకాన్నే ఆపించాలని చూసిన పెద్దమనిషి ఒకవైపు. ఆ తప్పునే పట్టుకుని కోర్సులు అమ్ముతున్న గురువు ఇంకోవైపు. నేను చూసిన వీడియోల్లో "పోయిన ఏడాది నేను చెప్పింది తప్పు" అన్న కోచ్ ఒక్కడూ తగల్లేదు. నా మూడో రాయి బరువు ఇక్కడే తెలుస్తుంది.

ఆల్ఫాతో పోలిస్తే బాడీ లాంగ్వేజ్ కోచ్ కాస్త నయం. భుజాలు నిటారుగా పెట్టమంటాడు, వెన్నునొప్పయినా తగ్గుతుంది. కాకపోతే "మన మాటల్లో అర్థం 7 శాతమే, మిగతా 93 శాతం గొంతులో, ముఖంలో" అని మొదలెడతాడు. ఆ అంకెలు ఆల్బర్ట్ మెహ్రాబియన్ అనే మనస్తత్వవేత్త 1967లో చేసిన రెండు ప్రయోగాలవి. విడి విడి మాటలు పలికించి, పలికినవాళ్లకి ఇష్టమా అయిష్టమా అని పోల్చుకోమన్నారు, అంతే. మామూలు సంభాషణలకి ఇవి వర్తించవని ఆయనే చెప్పాడు. అయినా నాకో సందేహం. మాటలు 7 శాతమే అయితే ఈ కోచ్ రెండు గంటలు ఆపకుండా మాట్లాడతాడెందుకు? నోరు మూసుకుని నిలబడితే సగం కోర్సు అయిపోవాలి కదా.

విడిపోయినవాళ్ల కోసం వేరే విభాగముంది. దాని పేరు నో కాంటాక్ట్. ముప్పై రోజులు ఫోన్ చేయకు, మెసేజ్ పెట్టకు, వాళ్లే వెతుక్కుంటూ వస్తారు. కొందరు 21 రోజులంటారు, 45 చేస్తే ఇంకా మంచిదంటారు, జాతకానికి శాంతి చేయించినట్టు. ఆ 21కి మూలం ప్రేమలో ఎక్కడా దొరకదు. మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్ 1960లో, కొత్త ముఖానికి అలవాటు పడడానికి తన రోగులకి కనీసం 21 రోజులు పడుతోందని రాశాడు. చేతులు మారేసరికి 'కనీసం' జారిపోయింది, ముఖం కూడా జారిపోయింది, ఏ అలవాటైనా 21 రోజులే అన్న మాట మిగిలింది. లండన్ పరిశోధకులు 2009లో వెలువరించిన అధ్యయనంలో కొత్త అలవాటు కుదరడానికి సగటున 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి 18 నుంచి 254 దాకా తేడా ఉంది. అదీ మంచినీళ్లు తాగడంలాంటి అలవాట్లకి. పాత ప్రేమ తిరిగి రావడానికి ఎన్ని రోజులో ఎవరూ కొలవలేదు.

ఈ సలహా కట్టుదిట్టం చూడండి. వాళ్లు ఫోన్ చేస్తే పద్ధతి గెలిచినట్టు. చేయకపోతే పంతొమ్మిదో రోజున నువ్వు వాళ్ల స్టేటస్ చూశావు, వ్రతభంగమైంది. చూడలేదా? అయితే చూడాలని మనసులో అనుకుని ఉంటావు. అదీ లేదా? ఇంకో ముప్పై రోజులు. ఏ దారిన పోయినా గురువు గెలుస్తాడు, శిష్యుడు మళ్లీ మొదటి రోజు దగ్గరికొస్తాడు.

అయినా సరే, తూకంలో ఈ చెడ్డ సలహాల్లోకెల్లా మేలైనది ఇదేనని నా తీర్పు. ఎందుకంటే, వాళ్లని రప్పించడానికని మొదలెట్టిన మౌనం ఒక్కోసారి పొరపాటున మన గాయాన్నే మాన్పుతుంది. మందు తప్పు రాసినా పథ్యం కలిసొచ్చినట్టు. పైగా రెండో రాయి మీద నిలుస్తుంది, ఎదుటి మనిషి జోలికి పోవద్దంటుంది కదా. ఆ మనిషి నిజంగానే వద్దని వెళ్లిపోయి ఉంటే, ముప్పై రోజుల ప్రశాంతత వాళ్లకైనా దక్కుతుంది.

అట్టడుగున నిలిచింది మాత్రం 'టెస్ట్ పెట్టు' సలహా. కారణం చెప్పకుండా అలిగి కూర్చో, కనుక్కుంటాడేమో చూడు. ఇంకొకరితో ఫొటో పెట్టు, ఉడుక్కుంటుందేమో చూడు. ఇది మూడు రాళ్లలో దేనికీ తూగదు. జాన్ గాట్‌మన్ అనే అమెరికన్ పరిశోధకుడు కొత్తగా పెళ్లైన జంటల్ని గమనించి, ఆరేళ్ల తర్వాత మళ్లీ కలిశాడు. ఆయన చూసింది చాలా చిన్న విషయాలు. "ఆ మేఘం చూడు, ఎంత బావుందో" అని ఒకరంటే రెండోవాళ్లు తలెత్తి చూశారా లేదా అన్నంత చిన్నవి. కలిసి ఉన్న జంటలు అలాంటి పిలుపులకి 86 శాతం సార్లు పలికాయి, విడిపోయినవి 33 శాతం సార్లే పలికాయి. మన కోచ్‌లేమో మేఘం చూపిస్తే చూడొద్దంటారు, చూసినా మూడు గంటల తర్వాత చూడమంటారు. అప్పటికి వాన కురిసి వెలిసిపోతుంది.

నిజాయితీగా చెప్పే కోచ్‌లూ తగిలారు. ఒకామె "వాళ్లు మాట్లాడుతుంటే విను, వద్దంటే వద్దనే అనుకో, శుభ్రంగా ఉండు" అని నాలుగు నిమిషాల్లో ముగించింది. ఆ వీడియో చూసినవాళ్లే లేరు. ఇంతకీ వీటన్నిటికీ పోటీగా ఇంకో దారి ఎప్పుడూ ఉంది: నేరుగా అడిగేయడం. "నువ్వంటే ఇష్టం, నీకెలా ఉంది?" పన్నెండు సెకన్ల పని, అందుకే ఎవరూ కోర్సు చేయలేదు. దీనికీ ఖరీదుంది. చెవులు ఎర్రబడతాయి, ఆ రాత్రి నిద్ర పట్టకపోవచ్చు. కానీ జవాబు వస్తుంది. వచ్చింది అవునో కాదో తెలియడానికి ఇంకో వీడియో అక్కర్లేదు.

మావాడు చివరికి అదే చేశాడు. నా పోరు పడలేక చేశాడనుకోండి. ఆమె నాలుగు నిమిషాల్లో ఫోన్ చేసింది. అంత ఇష్టం లేదంది, ఆ రోజు ఆరింటికి వచ్చి ఉంటే ఏమో అని కూడా అంది. వీడు ఉండబట్టలేక కోచ్ సంగతి, రెట్టింపు లెక్క సంగతి మొత్తం చెప్పేశాడు. అటుపక్క కాసేపు చప్పుడు లేదు.

"ఆ గంటన్నరా?" అందామె. "పడుకున్నాను."