గోదావరి దాటి ఈ డయాలసిస్ సెంటర్‌కే ఎందుకు వస్తున్నామంటే

మా ఆయనకి వారానికి మూడు సిట్టింగులు, ఒక్కోటి నాలుగు గంటలు. తెల్లవారుజామున నాలుగున్నరకి కొవ్వూరులో ఆటో ఎక్కి, బ్రిడ్జి దాటి రాజమండ్రి వస్తాం. ఇదివరకు చేయించుకున్న చోటు ఇంటికి దగ్గరే. అది వదిలేసి ఇంత దూరం ఎందుకని చుట్టాలు అడుగుతుంటారు. రక్తపరీక్షల కోసం.

చేరిన రోజు పాత సెంటర్ వాళ్ళిచ్చిన కాగితం చూపించాను. ఇరవై రోజుల కిందటిది, హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవీ మూడూ నెగటివ్. ఇక్కడి డాక్టరుగారు "ఇది అప్పటికప్పుడు చేసేసే కార్డు టెస్టమ్మా, మళ్ళీ చేయాల్సిందే" అన్నారు. డబ్బు గుంజడానికేమో అనుకున్నాను. ల్యాబ్‌లో చేసే ఎలీసా పరీక్షలోనూ నెగటివే వచ్చింది. కానీ లివర్ దెబ్బతింటే పెరిగే ఎస్‌జీపీటీ 58 ఉంది. డయాలసిస్ వాళ్ళకి అది మామూలుగా తక్కువే ఉంటుందట, కొంచెం పెరిగినా వదలకూడదన్నారు. పైగా వీళ్ళ ఒంట్లో నిరోధక శక్తి తక్కువ. వైరస్ ఉన్నా దానితో పోరాడే యాంటీబాడీలు తయారు కాకపోవచ్చు, అప్పుడు ఎలీసా లాంటి యాంటీబాడీ వెతికే టెస్టుకి ఏమీ దొరకదు. అందుకని వైరస్‌నే వెతికే ఆర్‌ఎన్‌ఏ టెస్టు రాశారు. మూడు వేల పైచిలుకు సొంతంగా కట్టాం. హెపటైటిస్ సి ఉందని తేలింది.

ఎక్కడ అంటుకుందో నేను తేల్చలేను. పాత చోట కళ్ళారా చూసింది మాత్రం చెప్తాను. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ సీసా ఒక్కటే ట్రేలో పెట్టుకుని మంచం మంచానికీ తిరిగేవారు. ఒకరికి సూదులు తీసిన గ్లోవ్స్‌తోనే పక్క మిషన్ బటన్లు నొక్కేవారు. ఇక్కడ మందులు వేరే గదిలో సిరంజిల్లోకి తీసి, ఒక్కోదానికీ పేరు స్టిక్కరు అంటించి తెస్తారు. రక్తం పారే ట్యూబింగ్ నుంచి మిషన్‌కి తగిలించే సన్న గొట్టం చివర బొత్తాం అంత తెల్ల ఫిల్టర్ ఒకటి ఉంటుంది. ఒకరోజు మా ఆయన లైన్లో దాంట్లోకి రక్తం ఎక్కింది. టెక్నీషియన్ కుర్రాడు వెంటనే అది మార్చేశాడు. సిట్టింగ్ అయిపోయాక మిషన్ మూత విప్పించి, లోపలికేమైనా వెళ్ళిందేమోనని టార్చి వేసి చూశాడు. "ఇది చూసుకోకపోతే తర్వాత పడుకునే వాళ్ళకి ప్రమాదమండి పిన్నిగారూ" అన్నాడు. ఆ మాట విన్నాకే నాకు ఈ సెంటర్ మీద గురి కుదిరింది.

మందులు ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగానే ఇచ్చారు. 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ కార్యక్రమం కింద పన్నెండు వారాల మాత్రలు. ఆ కాగితాలన్నీ ఈ సెంటర్ వాళ్ళే దగ్గరుండి రాయించారు. మాత్రలు అయ్యాక ఇంకో పన్నెండు వారాలు ఆగి మళ్ళీ ఆర్‌ఎన్‌ఏ చేస్తే వైరస్ కనపడలేదు. ఆ రిపోర్టు చేతిలో పట్టుకుని బల్ల మీద కూర్చుండిపోయాను.

హెపటైటిస్ బి టీకా కూడా ఇక్కడే మొదలుపెట్టారు. డయాలసిస్ వాళ్ళకి మామూలు మోతాదుకి రెట్టింపు, 40 మైక్రోగ్రాములు, నాలుగుసార్లు. మొదటిది వేశాక నెలకి, రెండు నెలలకి, ఆరు నెలలకి మిగతావి. ఆఖరిది అయ్యాక నెలా రెండు నెలల్లో, టీకా పనిచేసిందో తెలియడానికి యాంటీబాడీ 10 దాటిందో లేదో చూస్తారు. టీకా వేసిన కొత్తలో పరీక్ష చేస్తే ఆ మందు వల్లే పాజిటివ్ చూపించొచ్చట, అందుకే పరీక్ష ముందు చేసి టీకా తర్వాత వేస్తున్నారు. బి ఉన్నవాళ్ళకి గది, మిషన్, సిస్టర్ అన్నీ వేరు.

బాధ పెట్టిన విషయం ఒకటుంది. రిజల్టు వచ్చిన కొత్తలో హాలు మధ్యలో "పాజిటివ్ పేషెంట్‌ని మూల మిషన్‌కి పంపండి" అని ఒక సిస్టర్ గట్టిగా అరిచింది. పక్క మంచాల వాళ్ళు మా ఆయన్ని చూసిన చూపు మర్చిపోలేను. ఆయన ఆ పూటంతా దుప్పటి ముఖం మీదకి లాక్కుని పడుకున్నారు. డాక్టరుగారికి చెప్పాను. ఇప్పుడు మిషన్ నంబరుతోనే పిలుస్తున్నారు. రిపోర్టులు బయటి ల్యాబ్ నుంచి రావడానికి నాలుగు రోజులు పడుతుంది. తోడొచ్చిన వాళ్ళకి కుర్చీలు చాలవు.

ఐదుకి నాలుగు స్టార్లు ఇస్తున్నాను. ఎస్‌జీపీటీ నెలనెలా, వైరస్ పరీక్షలు మూడు నెలలకోసారి చేస్తారు, రిపోర్టు మన చేతికే ఇస్తారు. కొత్తగా చేరేవాళ్ళు పాత రిపోర్టులన్నీ తెచ్చుకోండి, అయినా మళ్ళీ రక్తం తీస్తారు, కాదనకండి. మా ఆయన మొన్న బుధవారం నుంచి కిటికీ పక్కనున్న నాలుగో నంబరు మిషన్ మీదకి మారారు.