హైదరాబాద్‌లోనే సాధనా, హిమాచల్‌కు వెళ్లడమా?

మౌంటెన్ బైక్ క్రాస్‌కంట్రీ పోటీలనే, అంటే కొండదారుల్లో సాగే సైకిల్ పందేలనే, జీవనమార్గంగా ఎంచుకున్న మన నగర యువతను వేధించే ప్రశ్న ఇది.

ఖర్చు: ఇంట్లో ఉంటే మిగిలే డబ్బును టైర్లకు, సస్పెన్షన్ సర్వీసింగ్‌కు వాడుకోవచ్చు, సిమ్లాలో అద్దె, భోజనం అదనం.

శ్రమ: సుమారు 540 మీటర్ల ఎత్తున ఉన్న హైదరాబాద్ గ్రానైట్ బండల మీద సైకిల్‌ను అదుపు చేయడం చక్కగా నేర్పుతుంది, వారాంతాల్లో అనంతగిరి కొండలూ అందుబాటులో ఉంటాయి; కానీ 2,000 మీటర్లు దాటిన సిమ్లా కొండల్లోని సుదీర్ఘంగా ఎక్కే, దిగే దారులు ఇక్కడ లేవు, నా దృష్టిలో గెలుపును తేల్చేవి అవే.

నష్టభయం: దూరాన గాయపడితే చూసుకునేవారుండరు, చదువూ కుంటుపడుతుంది.

జూనియర్ విభాగంలో పోటీపడే 17, 18 ఏళ్లవారు ఇక్కడే చదువుకుంటూ సెలవుల్లో కొండలకు వెళ్లడం మేలు. అండర్-23లో అడుగుపెట్టి, జాతీయ పోటీల్లో ముందువరుసలో నిలుస్తూ, ఇంటి అండ ఉన్నవారికి హిమాచలే తగినది.